సవరణ: మారిషస్ తెలుగువాళ్లు భాష వదులుకోలేదు

ఉగాది పోస్టులో “మారిషస్ తెలుగువాళ్ల ఇళ్లలో ఇప్పుడు ఎక్కువగా క్రియోల్ మాట్లాడతారు” అని రాశాను. క్రియోల్ అంటే ఫ్రెంచి ఆధారంగా పుట్టిన అక్కడి వాడుక భాష. అది నిజమే. కానీ చాలామంది దాన్ని “డబ్బు కోసం వెళ్లి తెలుగు వదిలేశారు” అని అర్థం చేసుకున్నారు. ఆ మాట చదివి మనసు చివుక్కుమంది.

వాళ్లు వెళ్లింది వీసా, ఆఫర్ లెటర్ పట్టుకుని కాదు. బానిసత్వం రద్దయ్యాక చెరకు తోటలకు కూలీలు కావాల్సివచ్చి, 1834 నుంచి ఒప్పందం మీద మనదేశం నుంచి జనాన్ని తీసుకెళ్లారు. మనవాళ్లలో చాలామంది కోరంగి రేవులో ఓడెక్కారు, అందుకే అక్కడ వాళ్లకు కోరంగీలని పేరు. మారిషస్ రాజధాని పోర్ట్ లూయీలో దిగి, వలస కూలీలను చేర్చుకునే ఆప్రవాసీ ఘాట్ మెట్లెక్కితే అక్కడ పేరు రాసుకుని, నంబరు ఇచ్చి, తోటలకు పంపేవారు. ఒక్కరోజు పనికి రాకపోతే రెండు రోజుల కూలి కోత! ఓడ దిగిన ముత్తాత పేరే చాలా కుటుంబాలకు ఇంటిపేరైంది, అదీ ఫ్రెంచి స్పెల్లింగులో.

తోటల్లో భోజ్‌పురి, తమిళం, ఆఫ్రికా మూలాలవాళ్ల క్రియోల్ అన్నీ కలిసే వినిపించేవి. పక్కవాడితో మాట్లాడాలంటే క్రియోల్ రావాల్సిందే. అయినా సింహాద్రి అప్పన్న పూజ, అమ్మోరు పండుగ, రామభజన నిలిచాయి. ఉగాదికి దేశమంతా ప్రభుత్వ సెలవు. బడుల్లో తెలుగు నేర్చుకునే వీలుంది. 1990లో మూడో ప్రపంచ తెలుగు మహాసభలు జరిగిందీ అక్కడే.

పాత వాక్యాన్ని తీసేయలేదు. దాని కిందే ఈ వివరాలన్నీ చేర్చాను. ఇదివరకే షేర్ చేసినవాళ్లు దయచేసి కొత్త పోస్టునే పంపండి.