ఆ మిగిలిన మాత్రల సంగతి

చెన్నైలో ఓఎంఆర్ (పాత మహాబలిపురం రోడ్డు) పొడవునా లేస్తున్న అపార్టుమెంట్ల సైట్లలో శ్రీకాకుళం, విజయనగరం వైపు నుంచి వచ్చిన కూలీలు ఎందరో ఉన్నారు. వాళ్లలో ఒకరికి చలిజ్వరం వస్తుంది, మలేరియా అని తేలుతుంది. మూడు రోజులు మాత్రలు మింగితే జ్వరం దిగుతుంది. నాలుగో రోజు పనిలోకి. డాక్టరు రాసిన మిగతా మాత్రలు రేకుల షెడ్డులో చొక్కా జేబులోనే ఉండిపోతాయి. మా బాధ ఆ మాత్రల గురించే.

దోమ కుట్టిన గంటలోపే మలేరియా క్రిమి కాలేయానికి చేరుతుంది. అక్కడ వారం పది రోజులు, ఒక్కోసారి ఇంకా ఎక్కువే, ఏ బాధా తెలియనివ్వకుండా వేలల్లో పెరిగి రక్తంలోకి దిగుతుంది. చలి, వణుకు అప్పుడు మొదలవుతాయి. చెన్నైలో ఎక్కువగా కనిపించే వైవాక్స్ రకంలో కొన్ని క్రిములు కాలేయంలోనే నిద్రపోతాయి. వారాలకో నెలలకో లేచి, మళ్లీ దోమ కుట్టకుండానే జ్వరం తెస్తాయి. మొదటి మూడు రోజులు మింగే క్లోరోక్విన్ రక్తంలో ఉన్నవాటినే చంపుతుంది. నిద్రపోతున్నవాటి కోసమే 14 రోజుల ప్రైమాక్విన్. జేబులో ఉండిపోయే మాత్రలు అవే.

మలేరియా క్రిమిని దోమ కడుపులో రొనాల్డ్ రాస్ చూసింది 1897లో, మన సికింద్రాబాదులో. మనిషి రక్తంలోకి రాకముందు అది కాలేయంలో పెరుగుతుందని తేలింది 1948లో. సైన్సుకే యాభై ఏళ్లు పట్టిన సంగతి, అరవంలో రాసిన చీటీ చేతిలో పెడితే కూలీకి ఎలా తెలుస్తుంది? కార్పొరేషన్ ఆరోగ్య కేంద్రాల్లో దీన్ని తెలుగులో విడమరిచి చెప్పే మనిషి ఉండాలి. ప్రైమాక్విన్ గర్భిణులకు, పసిపిల్లలకు ఇవ్వరు. ఎర్ర రక్తకణాలను కాపాడే జీ6పీడీ ఎంజైము లోపం ఉన్నవారికి దీనితో రక్తకణాలు పగిలిపోవచ్చు. మూత్రం నల్లగా మారితే మాత్ర ఆపి వెంటనే ఆసుపత్రికి రావాలని కూడా చెప్పాలి.

ఇంకో భయం కామెర్లు. ఫాల్సిపేరం అనే మరో రకం మలేరియా ముదిరితే ఎర్ర రక్తకణాలు పగిలి, కాలేయమూ దెబ్బతిని కళ్లు పచ్చబడతాయి. కామెర్లనగానే మనవాళ్లకు పసరు మందు గుర్తొస్తుంది. జ్వరంతో పాటు కళ్లు పచ్చబడితే పసరు కోసం ఊరికి రైలెక్కడం ప్రాణం మీదికి తెచ్చుకోవడమే. ఆ రోజే రక్త పరీక్ష జరగాలి.

సైట్లలో మేస్త్రీల దగ్గర హాజరు పుస్తకం ఎలాగూ ఉంటుంది. మలేరియా వచ్చిన కూలీ పేరు పక్కన, మాత్ర వేసుకున్నట్టు పద్నాలుగు రోజులూ ఒక టిక్కు పెట్టించమని కాంట్రాక్టర్లను కోరుతున్నాం.