అమ్మానాన్నల మీద గౌరవం తగ్గింది ఎవరికి?

ఈ మధ్య మా తిరుపతిలో ఏ పెళ్ళికి వెళ్ళినా, పొద్దున్నే యూనివర్సిటీ గ్రౌండ్‌లో నాలుగు రౌండ్లు వేద్దామని పోయినా ఒక మాట మాత్రం చెవిన పడకుండా ఉండదు, ఈ కాలం పిల్లలకి అమ్మానాన్నలంటే లెక్కే లేదండీ అని. మా కాలంలో నాయన ఇంట్లోకి వస్తే లేచి నిలబడేవాళ్ళం, ఎదురు మాట్లాడితే చెంప పగిలేది, వీళ్ళు ఫోన్లోంచి తల కూడా ఎత్తట్లేదు అని ఒకరు మొదలుపెడితే పక్కన నలుగురు తలూపుతారు. ఆ తలూపేవాళ్ళలో ఎక్కువమంది నా వయసు వాళ్ళే, నలభై అయిదుకీ అరవైకీ మధ్య. నేను మాత్రం ఒప్పుకోను. పిల్లల్లో లోపాలు లేవని కాదు, ఉన్నాయి, వాటి గురించి కూడా రాస్తాను. కానీ కన్నవాళ్ళని నిజంగా ఏడిపిస్తున్నది ఎవరు అని లెక్క తీస్తే ఇరవై ఏళ్ళ పిల్లల కంటే ముందు మా వయసు వాళ్ళమే కనపడతాం.

చట్టాల సంగతే చూడండి. పట్టించుకోని బిడ్డల మీద కోర్టుకి పోయి నెలనెలా ఇంత ఇప్పించండి అని అడిగే హక్కు తల్లిదండ్రులకి 1973 నాటి క్రిమినల్ ప్రొసీజర్ కోడ్ సెక్షన్ 125లోనే ఇచ్చారు, 2024లో ఆ కోడ్ పోయి కొత్తది వచ్చాక కూడా ఆ హక్కు అలాగే ఉంది. అది చాలలేదని 2007లో తల్లిదండ్రులు, వయోవృద్ధుల పోషణ, సంక్షేమ చట్టం అని విడిగా ఇంకొకటి తెచ్చారు. 2007 నాటికి ఇప్పటి ఇరవై ఏళ్ళ కుర్రాడు ఉయ్యాల్లో ఉన్నాడు, ఇన్‌స్టాగ్రామ్ పుట్టనే లేదు, మన ఊళ్ళలో స్మార్ట్‌ఫోన్ అంటే ఏంటో తెలిసినవాళ్ళే లేరు. మరి పార్లమెంటుకి ఆ చట్టం చేయాల్సిన అవసరం ఎవర్ని చూసి వచ్చింది? అప్పటికి పెళ్ళిళ్ళయి ఉద్యోగాల్లో కుదురుకుని ఇళ్ళు కట్టుకుంటున్న వాళ్ళని చూసి, అంటే మమ్మల్ని చూసి. ఇంకా వెనక్కి పోతే 1973లో కుర్రాళ్ళుగా ఉన్నవాళ్ళు ఇప్పుడు డెబ్భై దాటిన మా నాయనలు. చెంప పగిలేదని గొప్పగా చెప్పుకునే ఆ కాలంలోనే ముసలి తల్లికి కూడు పెట్టమని చట్టంలో రాయాల్సి వచ్చింది.

2007 చట్టం ప్రకారం ఇలాంటి కేసులు చూసే ట్రిబ్యునల్ మన దగ్గర ఆర్డీవో ఆఫీసులో ఉంటుంది. లాయర్‌ని పెట్టుకునే పని లేకుండా పెద్దవాళ్ళే నేరుగా అర్జీ పెట్టుకోవచ్చు. నెలకి 10,000 రూపాయల దాకా ఇప్పించే అధికారం చట్టం ఇచ్చింది, నోటీసు పంపాక 90 రోజుల్లో తేల్చాలి, ముసలివాళ్ళని కావాలని వదిలేస్తే మూడు నెలల దాకా జైలు కూడా ఉంది. అక్కడికి అర్జీ పట్టుకుని వచ్చే ముసలాయన ఎవరి మీద చెప్పుకుంటాడో ఒకసారి కూర్చుని వినండి. ఇన్‌స్టాలో రీల్స్ చేసుకునే మనవడి మీద చెప్పుకోడు. పొలం పంచుకుని, ఇల్లు రాయించుకుని, నాయన్ని వంతులేసుకున్న కొడుకుల మీద చెప్తాడు. నెల పెద్దోడి ఇంట్లో, నెల చిన్నోడి ఇంట్లో, ముప్ఫై ఒకటో తారీఖు వస్తే ఆ పూట అన్నం ఎవరు పెట్టాలని తగువు. ఆ కొడుకులు ఊళ్ళో పెద్దమనుషులుగా తిరిగేవాళ్ళే, నాయన ఎదురుగా గొంతెత్తి మాట్లాడి ఉండరు, పండగొస్తే కాళ్ళకి దణ్ణం కూడా పెట్టి ఉంటారు.

తిరుపతిలో ఉండేవాళ్ళకి ఇంకో సంగతి కూడా తెలుసు. దేవుడి దర్శనం పేరు చెప్పి ముసలి తల్లిని ఎక్కడి నుంచో తీసుకొచ్చి, రైల్వే స్టేషన్ దగ్గరో బస్టాండ్‌లోనో కూర్చోబెట్టి, ఇప్పుడే వస్తానమ్మా అని చెప్పి మాయమైపోయేవాళ్ళు ఉన్నారు. ఆ వదిలేసేవాళ్ళు పిల్లలు కాదు, తలకి రంగేసుకునే వయసు వాళ్ళు. ఇంత ఘోరం మన కళ్ళ ముందే జరుగుతుంటే, కూతురు కాలేజీ నుంచి వచ్చి పలకరించకుండా రూంలోకి పోయిందని సంస్కారం గురించి ఉపన్యాసాలు ఇవ్వడం నాకు సరిగ్గా అనిపించదు.

ఇక మన కుర్రాళ్ళ విషయానికి వద్దాం. ఆ మధ్య ఆర్టీసీ బస్టాండ్ దగ్గర టీ కొట్లో ఒక అబ్బాయి ఫోన్ మాట్లాడుతున్నాడు, పీలేరు వైపు పల్లె అనుకుంటా మాటని బట్టి, మెడలో ఇంకా కంపెనీ ఐడీ కార్డు ఉంది. "నాయనా నీకు తెలీదు ఊరికే ఉండు, ఎన్నిసార్లు చెప్పల్ల నీకు, ఆ పాత మెకానిక్‌ని పిలవద్దని" అని గట్టిగానే అరిచాడు. పక్క టేబుల్ మీద పెద్దాయన నా వైపు చూసి, కన్న తండ్రితో ఎట్లా మాట్లాడతా ఉండాడో చూడు సామీ అన్నాడు. ఆ పిల్లోడు ఫోన్ పెట్టేయకుండానే ఇంకో చేత్తో ఫోన్‌పే తెరిచి, "మోటార్ రివైండింగ్‌కి ఎంతన్నాడు, సరే వేసినా చూస్కో, మాత్ర ఏసుకున్నావా" అని అడిగాడు. పెద్దాయన మొదటి మాట విన్నాడు, రెండో మాట వచ్చేసరికి మళ్ళీ పేపర్‌లో పడ్డాడు. మనం అందరం చేస్తున్న పని ఇదే, పిల్లలు అరిచినప్పుడు మాత్రం వింటాం.

2025లో తోతాపురి ధర పడిపోయి చిత్తూరు జిల్లాలో పల్ప్ ఫ్యాక్టరీల ముందు మామిడి ట్రాక్టర్లు రోజుల తరబడి క్యూలో నిలబడ్డాయి కదా, ఫ్యాక్టరీ 8 రూపాయలు, ప్రభుత్వం 4 రూపాయలు కలిపి కిలోకి 12 అన్నారు. ఆ ఏడాది నాకు తెలిసిన ఇళ్ళలో చేసిన అప్పుకి వడ్డీ కట్టింది, చెల్లెలి ఫీజు కట్టింది బెంగళూరులోనో చెన్నైలోనో శ్రీసిటీలోనో ఉద్యోగాలు చేసే ఇరవై రెండు, ఇరవై మూడేళ్ళ పిల్లలు. షేరింగ్ రూముల్లో ఉంటూ, రాత్రి షిఫ్టులు చేస్తూ పంపిన డబ్బు అది. వాళ్ళలో ఎవరూ ఇంటికొస్తే నాయన్ని చూసి లేచి నిలబడరు, అది నిజమే.

అలాగని మాట తీరుని కొట్టిపారేయను. ఇక్కడ పిల్లలు కూడా వినాల్సింది ఉంది. ఊళ్ళో ఒంటరిగా ఉండే తల్లికి రోజు మొత్తంలో వచ్చే ఫోన్ అదొక్కటే కావచ్చు, అందులో కూడా విసుగే వినపడితే ఆమెకి ఇంక డబ్బు ఎంత పంపినా మనసు నిండదు. పైగా ఇప్పుడు పెద్దవాళ్ళు ప్రతి దానికీ పిల్లల మీద ఆధారపడాల్సి వస్తోంది, కరెంటు బిల్లు, గ్యాస్ బుకింగ్, బ్యాంక్ ఓటీపీ, ఆధార్‌లో ఫోన్ నంబర్ మార్చడం, చివరికి కొండ మీద 300 రూపాయల దర్శనం టికెట్ కూడా నెలకోసారి ఆన్‌లైన్‌లో వదిలినప్పుడు ఫోన్ పట్టుకుని కూర్చుని తీయాల్సిందే. ముప్ఫై ఏళ్ళు సంసారం ఈది, పదిమందికి సలహా చెప్పిన మనిషి ఒక ఓటీపీ కోసం కొడుకు ముందు ఫోన్ పట్టుకుని నిలబడి, "మొన్నే కదా చెప్పినా" అనిపించుకోవడం ఎంత చిన్నతనంగా ఉంటుందో ఆ పిల్లలకి అర్థం కావట్లేదు. ఈ తరంలో నాకు కనపడే అసలైన లోటు ఇదే, ఓపిక. ఆఫీసులో ముక్కూ మొహం తెలియని కస్టమర్‌కి పదిసార్లు అదే విషయం నవ్వుతూ చెప్తారు, అమ్మకి మూడోసారి చెప్పాలంటే మొహం మాడ్చుకుంటారు.

కానీ ఆ ఓపిక ఎక్కడ నేర్చుకోవాలి వాళ్ళు? ఆరో తరగతి నుంచే హాస్టల్లో వేశాం. తెల్లవారుజామున లేపి రాత్రి దాకా స్టడీ అవర్స్, ఎప్పుడో ఒక ఆదివారం ఔటింగ్, ఆ ఆదివారం కూడా పులిహోర డబ్బా తీసుకెళ్ళి గేటు దగ్గర చెట్టు కింద కూర్చుని మనం మొదట అడిగింది వీకెండ్ టెస్ట్‌లో ఎంత వచ్చిందనే. జేజికి జ్వరం వస్తే పక్కన కూర్చుని మాత్ర వేయడం, తాతని చెయ్యి పట్టుకుని బయటికి తీసుకెళ్ళడం ఆ పిల్లాడు చూడలేదు, ఎంసెట్ ఉందని చావుకి కూడా పిలవని ఇళ్ళు నాకు తెలుసు. మార్కులు ఎంత అనే మాటతో పెరిగిన బంధం జీతం ఎంత అనే మాటతోనే కదా ముందుకి పోయేది.

పెళ్ళి విషయంలో ఎదురు చెప్పడాన్ని కూడా అగౌరవం ఖాతాలోనే వేస్తున్నారు, అది నాకు అసలు నచ్చదు. ఉద్యోగం చేశాకే పెళ్ళి చేసుకుంటా అన్న ఆడపిల్ల, వేరే కులం వాడిని ఇష్టపడ్డానని ఇంట్లో ధైర్యంగా చెప్పిన పిల్ల, దొంగచాటుగా పారిపోకుండా ఎదురుగా కూర్చుని మాట్లాడుతోందంటే అమ్మానాన్నల మీద నమ్మకం ఉంది కాబట్టే. పరువు పేరుతో కన్న కూతుర్నే చంపుకున్న వార్త మన చిత్తూరు జిల్లా నుంచి కూడా చదివాం. అలాంటి చోట మాట వినలేదనే ఫిర్యాదుని నేను ఎలా పట్టించుకోవాలి?

ఇంకో మాట. గౌరవం గౌరవం అంటాం గానీ ఇంట్లో ముసలివాళ్ళకి స్నానం చేయించేది, పక్క బట్టలు ఉతికేది, షుగర్ ఉన్న మామకి విడిగా సంగటి కెలికేది కోడలు. చట్టంలో పోషణ బాధ్యత కొడుకు, కూతురు, పెద్దయిన మనవడు, మనవరాలి మీద పెట్టారు, కోడలి పేరు అందులో లేదు. ఇంట్లో మాత్రం బాధ్యత మొత్తం ఆమె మీదే, పేరు కొడుక్కి. ఒక్కరోజు ఆమె నా వల్ల కాదు అంటే చాలు, ఈ కాలం కోడళ్ళు అంటూ మళ్ళీ అదే పాట.

ఆస్తి సంగతి కూడా చెప్పాలి, ఎందుకంటే గొడవ అక్కడే మొదలవుతుంది. బతికుండగానే పిల్లలకి రాసిచ్చే పెద్దవాళ్ళు నన్ను చూసుకోవాలి అనే షరతు దస్తావేజులోనే స్పష్టంగా రాయించుకోండి. 2007 చట్టంలో సెక్షన్ 23 ప్రకారం ఆ షరతు మీద ఇచ్చిన ఆస్తిని, చూసుకోకపోతే రద్దు చేయించుకోవచ్చు. షరతు ఉన్నట్టు తేలకపోతే ఈ సెక్షన్ పనికిరాదని 2022లో సుప్రీంకోర్టు ఒక కేసులో చెప్పింది, 2025 జనవరిలో వచ్చిన ఇంకో తీర్పులో ఈ చట్టాన్ని పెద్దవాళ్ళకి మేలు జరిగేలా చూడాలి అంది. కోర్టు దాకా పోయి తేల్చుకునే కంటే ముందే రెండు లైన్లు రాయించుకోవడం మేలు, మా అబ్బాయి అలాంటోడు కాదు అని మొహమాటపడొద్దు. సాయం కావాలంటే 14567 అని వయోవృద్ధుల హెల్ప్‌లైన్ ఉంది.

పెద్దవాళ్ళు తమంతట తాము పోలేకపోతే వాళ్ళు చెప్పిన వేరే మనిషి కూడా అర్జీ పెట్టొచ్చని చట్టంలో ఉంది. చంద్రగిరి దగ్గర ఒక ఊళ్ళో డిగ్రీ చదివే అమ్మాయి అదే చేసింది. ముగ్గురు కొడుకులూ పొలం పంచుకుని అవ్వని గొడ్ల కొట్టం పక్క గదిలో పడేశారు, ఆ ముగ్గురిలో ఒకడు ఆ అమ్మాయి సొంత నాన్న. ఇంట్లో ఎన్నిసార్లు చెప్పినా వినకపోతే అవ్వ చేత వేలిముద్ర వేయించి తనే అర్జీ రాసి ఆర్డీవో ఆఫీసులో ఇచ్చి వచ్చింది. ముందు రాజీ అధికారి దగ్గరికి పంపారు, అక్కడే ముగ్గురూ నెలకి ఇంతని వేయడానికి ఒప్పుకున్నారు, ఇప్పుడు డబ్బు అవ్వ ఖాతాలోనే పడుతోంది. ఊళ్ళో బంధువులు మాత్రం ఆ పిల్ల గురించి ఇప్పటికీ ఏమంటున్నారంటే, పెద్దోళ్ళంటే బొత్తిగా భయం భక్తీ లేదు, కన్న తండ్రినే ఆఫీసు మెట్లెక్కించింది అని.