సైకాలజీలో పీహెచ్‌డీ: టాపిక్ కంటే ముందు ఫెలోషిప్ సంగతి తేల్చుకోండి

ఎంఏ, ఎంఎస్సీ సైకాలజీ ఫైనలియర్లో ఉన్న పిల్లలు పీహెచ్‌డీ గురించి మాట్లాడితే ముందు టాపిక్ ఏం తీసుకోవాలి అంటారు, తర్వాత గైడ్ ఎవరైతే మంచిది అంటారు, డబ్బుల మాట మాత్రం ఎక్కడో చివర్లో మొహమాటపడుతూ వస్తుంది. నన్నడిగితే ఈ వరస మొత్తం తిరగెయ్యాలి. మనదేశంలో సైకాలజీ పీహెచ్‌డీ పూర్తవుతుందా మధ్యలో ఆగిపోతుందా అన్నది టాపిక్ కంటే నెలనెలా అకౌంట్లో ఏమన్నా పడుతోందా లేదా అన్నదాని మీదే ఎక్కువ ఆధారపడి ఉంది.

దానికంటే ముందు ఇంకో విషయం క్లియర్ చేసుకోవాలి. చాలామంది కౌన్సెలింగ్, థెరపీ చేద్దామనే కోరికతో పీహెచ్‌డీకి వస్తున్నారు. మామూలు సైకాలజీ పీహెచ్‌డీ ఉన్నంత మాత్రాన క్లినికల్ సైకాలజిస్ట్ అయిపోరు. దానికి రిహాబిలిటేషన్ కౌన్సిల్ ఆఫ్ ఇండియా, అంటే ఆర్సీఐ రిజిస్ట్రేషన్ కావాలి, ఇన్నాళ్లూ దానికి ముఖ్యమైన దారి రెండేళ్ల ఎంఫిల్ క్లినికల్ సైకాలజీ. యూనివర్సిటీలకు రూల్స్ పెట్టే యూజీసీ 2022 రెగ్యులేషన్స్‌తో ఎంఫిల్ డిగ్రీనే తీసేసింది, మళ్లీ 2024 జనవరిలో క్లినికల్ సైకాలజీకీ సైకియాట్రిక్ సోషల్ వర్క్‌కీ మాత్రం 2025-26 అడ్మిషన్ల వరకు వెసులుబాటు ఇచ్చింది. కాబట్టి పేషెంట్లతో పని చెయ్యాలన్నదే మీ కోరికైతే ఆర్సీఐ ఇప్పుడు ఏ కోర్సుల్ని గుర్తిస్తోందో చూసుకుని అటు వెళ్లండి, ఐదారేళ్లు రీసెర్చ్‌లో పెట్టాక ఈ సంగతి తెలిస్తే ఆ బాధ మామూలుగా ఉండదు. రీసెర్చ్, టీచింగ్ ఇష్టమైతేనే ఈ దారి.

ఇక డబ్బు. యూజీసీ నేషనల్ ఎలిజిబిలిటీ టెస్ట్, అంటే నెట్ రాసి జూనియర్ రీసెర్చ్ ఫెలోషిప్ (జేఆర్ఎఫ్) కొడితే మొదటి రెండేళ్లు నెలకు 37,000, తర్వాత సీనియర్ రీసెర్చ్ ఫెలోషిప్ (ఎస్ఆర్ఎఫ్) కింద 42,000, 2023 జనవరి నుంచి ఇవే రేట్లు. ఐదేళ్లకు లెక్కేస్తే 24 లక్షలు, ఇంటి అద్దె కింద ఇచ్చే హెచ్ఆర్ఏ వేరే. అదే సెంట్రల్ యూనివర్సిటీలో జేఆర్ఎఫ్ లేకుండా చేరితే నాన్-నెట్ ఫెలోషిప్ నెలకు 8,000. అంటే హెచ్‌సీయూ లాంటి చోట ఒకే సెంటర్లో, ఒకే గైడ్ దగ్గర పక్కపక్కన కూర్చుని పనిచేసే ఇద్దరిలో ఒకరికి ఏడాదికి 4 లక్షల 44 వేలు, ఇంకొకరికి 96 వేలు. పదేళ్లకు పైగా ఆ 8 వేలు అక్కడే ఆగిపోయింది, 2015లో దాన్ని కూడా ఎత్తేస్తామంటే స్టూడెంట్లు ఢిల్లీలో యూజీసీ ఆఫీసు ముందు రోజుల తరబడి కూర్చోవాల్సొచ్చింది. స్టేట్ యూనివర్సిటీల్లో ఇంకా కష్టం, నాన్-నెట్ స్కీమ్ సెంట్రల్ యూనివర్సిటీలకే కాబట్టి ఉస్మానియాలోనో ఆంధ్రా యూనివర్సిటీలోనో ఎస్వీయూలోనో జేఆర్ఎఫ్ లేకుండా చేరిన చాలామందికి రూపాయి కూడా రాదు, ఉల్టా వీళ్లే ఫీజు కట్టాలి.

అంటే మొత్తం బతుకు ఒక్క మూడు గంటల పరీక్ష మీద నిలబడింది. 150 ప్రశ్నలు, 300 మార్కులు, అన్నీ ఆబ్జెక్టివ్. పేపర్ ఇంగ్లిష్‌లోనో హిందీలోనో ఉంటుంది, తెలుగులో ఉండదు. హిందీ మీడియంలో చదివిన వాళ్లు తమ భాషలో రాసుకోవచ్చు, టెన్త్ దాకా తెలుగు మీడియంలో చదివి కష్టపడి పీజీ దాకా వచ్చిన పిల్ల మాత్రం ఇంగ్లిష్‌లోనే కుస్తీ పట్టాలి. ఇది నాకు అస్సలు న్యాయంగా అనిపించదు. ఎందుకంటే రేపు పల్లెలకెళ్లి డిప్రెషన్ గురించో ముసలివాళ్ల మతిమరుపు గురించో డేటా తేవాల్సింది ఈ పిల్లే, ఆ ఊరివాళ్లు మనసులో మాట చెప్పేది తెలుగులోనే. మనం వాడే టెస్టులు, స్కేళ్లు చాలావరకు ఇంగ్లిష్‌లో పుట్టినవి, వాటిని తెలుగులోకి తెచ్చి మన జనం మీద సరిచూసి నార్మ్స్, అంటే మనవాళ్లలో మామూలు స్కోరెంతో చెప్పే లెక్కలు, తయారుచెయ్యడం చాలా పెద్ద పని, ఆ పనికి కావాల్సిన వాళ్లనే ఫెలోషిప్ గేటు దగ్గర ఆపేస్తున్నాం.

2024లో యూజీసీ ఇంకో మార్పు తెచ్చింది, నెట్ స్కోరుతోనే పీహెచ్‌డీ అడ్మిషన్. జేఆర్ఎఫ్ వచ్చినవాళ్లకు ఇంటర్వ్యూ, మిగతా రెండు కేటగిరీలకు, అంటే అసిస్టెంట్ ప్రొఫెసర్ అర్హత వచ్చినవాళ్లకూ పీహెచ్‌డీ అడ్మిషన్‌కి మాత్రమే అర్హత వచ్చినవాళ్లకూ, స్కోరుకి 70 శాతం, ఇంటర్వ్యూకి 30 శాతం వెయిటేజీ, ఆ స్కోరు ఒక్క ఏడాదే పనికొస్తుంది. ఒక్కో యూనివర్సిటీకి వేరే ఎంట్రెన్స్ రాసే ఖర్చు తగ్గుతుందన్నది నిజమే, కాకపోతే ఉన్న ఒక్క పరీక్షా తేడా కొడితే ఏంటి పరిస్థితి? అదే ఏడాది జూన్ 18న నెట్ పెట్టారు, 19న రద్దు చేశారు, మళ్లీ ఆగస్టు, సెప్టెంబర్లలో పెట్టారు, ఆ రెండు మూడు నెలలు పిల్లలు పడ్డ టెన్షన్‌కి ఎవరూ జవాబు చెప్పలేదు.

ప్రిపరేషన్ మొదలుపెట్టేవాళ్లకి నేను చెప్పేది, పీజీ ఫస్టియర్ నుంచే రీసెర్చ్ మెథడ్స్, స్టాటిస్టిక్స్, సైకలాజికల్ టెస్టింగ్ గట్టిగా పట్టుకోండి, అవి నెట్‌కీ పనికొస్తాయి తర్వాత థీసిస్‌కీ పనికొస్తాయి. జేఆర్ఎఫ్‌కి వయసు 30 దాటకూడదు, అమ్మాయిలకీ రిజర్వ్‌డ్ కేటగిరీలకీ ఐదేళ్ల సడలింపు ఉంది, ఈ సంగతి తెలియక పెళ్లయ్యాక ఆగిపోయిన ఆడపిల్లలు చాలామంది ఉన్నారు. ఎస్సీ, ఎస్టీ, ఓబీసీ పిల్లలకు వేరే నేషనల్ ఫెలోషిప్‌లున్నాయి, మైనారిటీలకున్న మౌలానా ఆజాద్ ఫెలోషిప్‌ని మాత్రం 2022లో ఆపేశారు, అది చాలా తప్పు నిర్ణయం. ఇంకో దారి మనవాళ్లు అసలు పట్టించుకోరు, గేట్, అంటే ఐఐటీల్లాంటి చోట్ల పీజీ, పీహెచ్‌డీ సీట్ల కోసం రాసే పరీక్ష. 2021 నుంచి గేట్‌లో హ్యుమానిటీస్ పేపరుంది, అందులో సైకాలజీ ఒక సెక్షన్. ఐఐటీల్లో సీటొస్తే స్టైపెండ్ జేఆర్ఎఫ్ రేటులోనే ఉంటుంది, సంగారెడ్డి దగ్గర కందిలో ఉన్న ఐఐటీ హైదరాబాద్‌లో కూడా సైకాలజీలో రీసెర్చ్ చేస్తున్నారు.

అమెరికా అనుకునేవాళ్లకు ఒక్క హెచ్చరిక. ఇంజినీరింగ్ పిల్లలు ఎంఎస్‌కి లోన్ పెట్టి వెళ్లినట్టు సైకాలజీకి వెళ్లొద్దు. అక్కడ మంచి రీసెర్చ్ యూనివర్సిటీల్లో పీహెచ్‌డీ ఇచ్చారంటే మామూలుగా ట్యూషన్ మాఫీ చేసి అసిస్టెంట్‌షిప్ కింద స్టైపెండ్ కూడా ఇస్తారు, సైడీ (PsyD, రీసెర్చ్ కంటే ప్రాక్టీస్ మీద నడిచే డాక్టరేట్) ప్రోగ్రాములకు మాత్రం ఎక్కువచోట్ల మనమే కట్టుకోవాలి. సైడీ సీటు కాస్త తేలిగ్గా వస్తుందని ఇల్లు తాకట్టు పెట్టే ముందు ఆగండి, ఆ తర్వాత ఇంటర్న్‌షిప్, లైసెన్స్, వీసా అన్నీ వరసగా నెగ్గుకురావాలి. అప్లికేషన్లు ఎక్కువగా డిసెంబర్ మొదట్లోనే క్లోజ్ అవుతాయి, అక్కడ మార్కుల కంటే మీ ఆసక్తి ఏ ప్రొఫెసర్ పనితో కలుస్తుందో అదే ముఖ్యం, ఆయన ఆ ఏడాది స్టూడెంట్‌ని తీసుకుంటున్నాడో లేదో ముందే మెయిల్ పెట్టి కనుక్కోవాలి. అమెరికా ప్రభుత్వ సైన్స్ సంస్థ ఎన్ఎస్ఎఫ్ ఇచ్చే గ్రాడ్యుయేట్ ఫెలోషిప్ లాంటివి మనకు ఇవ్వరు, అవి అక్కడి సిటిజన్లకీ పర్మనెంట్ రెసిడెంట్లకీ. పైగా 2025లో ఫెడరల్ నిధులు కోసేశాక చాలా యూనివర్సిటీలు పీహెచ్‌డీ సీట్లే తగ్గించుకున్నాయి.

మళ్లీ మన దగ్గరికొస్తే, ఫెలోషిప్ ఉన్నవాళ్లకు కూడా ఫీల్డ్‌వర్క్ డబ్బు చాలదు. సోషల్ సైన్సెస్ జేఆర్ఎఫ్‌కి కంటింజెన్సీ, అంటే రీసెర్చ్ ఖర్చులకిచ్చే డబ్బు, మొదటి రెండేళ్లు ఏడాదికి 10,000. కాపీరైట్ ఉన్న ఒక మంచి టెస్టు కిట్ కొంటేనే అది అయిపోతుంది, ఇక ఊళ్లు తిరగడానికి బస్సు ఛార్జీలు ఎక్కడివి? అందుకే చాలామంది గూగుల్ ఫామ్ తయారుచేసి వాట్సాప్ గ్రూపుల్లో వదిలేసి, కాలేజీ పిల్లలు నింపినదాన్నే డేటా అంటున్నారు, తప్పు వాళ్లది కాదు, చేతిలో డబ్బుల్లేనప్పుడు జరిగేది అదే.

రెండు తెలుగు రాష్ట్రాల్లో ఇంటర్ రిజల్ట్స్ వచ్చిన ప్రతిసారీ పిల్లల ఆత్మహత్యల వార్తలు చదువుతాం, కమిటీలు వేస్తాం, కౌన్సెలర్లు కావాలంటాం. ఆ పిల్లల సమస్యల మీద తెలుగులో ఏళ్లతరబడి కూర్చుని పనిచేసే రీసెర్చర్లకు ప్రభుత్వం ఏమిస్తోంది? ఒక రాష్ట్రం 100 మంది సైకాలజీ స్కాలర్లకు నెలకు 20,000 చొప్పున ఇస్తే ఏడాదికి అయ్యేది 2 కోట్ల 40 లక్షలు, అంతే. తెలంగాణ, ఆంధ్రప్రదేశ్ రెండూ వచ్చే బడ్జెట్లోనే ఇది పెట్టాలి, సెలక్షన్‌కి నెట్ ర్యాంకు అడగకుండా తెలుగులో రాసుకొచ్చిన రీసెర్చ్ ప్రపోజల్ చూసి ఇవ్వాలి. అది తేలేదాకా కనీసం ఫెలోషిప్ లేని స్కాలర్ల ఫీజులైనా స్టేట్ యూనివర్సిటీలు ఈ ఏడాది నుంచే మాఫీ చెయ్యాలి.