విమానమూ కావాలి, లేజరూ కావాలంటే ఎలా?

వినాయక చవితికి ఇంకా టైముంది, ఫ్లెక్సీలు మాత్రం అప్పుడే లేచాయి. మా ఆఫీసు వీధి మొదట్లో కట్టినదాని మీద మండల్ (వినాయక ఉత్సవ సంఘం) పేరు కంటే డీజే పేరు పెద్దగా ఉంది, దానికంటే పెద్దగా "ఆకాశాన్నంటే లేజర్ షో" అని ఉంది. కింద చేతులు జోడించిన ఫోటోల వరస: ఆమ్దార్ (అదే, ఎమ్మెల్యే), మాజీ ఆమ్దార్, నగరసేవకులు (కార్పొరేటర్లు), ఎప్పటికైనా నగరసేవకులు కావాలనుకుంటున్నవాళ్ళు. పేర్లు రాయడం లేదు. మన మహారాష్ట్ర నాందేడ్‌లో ఏ చౌరస్తాలో నిలబడ్డా, ధర్మాబాద్ వెళ్ళినా, దెగ్లూర్ వెళ్ళినా అవే ముఖాలు, అవే దండాలు.

ఇదే ముఖాలు మనకి ఇంకో ఫ్లెక్సీ మీద కూడా గుర్తున్నాయి. అది విమానాల ఫ్లెక్సీ. సిక్కుల గురుతా గద్దీ మూడు వందల ఏళ్ళ ఉత్సవాలకని 2008లో హడావిడిగా సిద్ధమైన మన నాందేడ్ విమానాశ్రయం, ఆ తర్వాత సర్వీసులు రావడం, ఆగిపోవడం, జనం వినతిపత్రాలు పట్టుకు తిరగడం, చివరికి 2024లో మళ్ళీ విమానం దిగడం, ఈ కథంతా పాఠకులకి మళ్ళీ చెప్పక్కర్లేదు. విమానం దిగిన రోజు "నా వల్లే వచ్చింది" అనని నాయకుడు జిల్లాలో ఒక్కడూ లేడు. సరే, అందరి వల్లే వచ్చిందనుకుందాం. మరి ఆ విమానం దిగే ఆకాశంలోకి రాత్రిపూట లేజర్లు కొట్టే మండల్‌కి చందా ఇచ్చేదెవరు? ఊరేగింపు ముందు నిలబడి జెండా ఊపేదెవరు? వాళ్ళే కదా.

ఇది మరీ అతి భయం అనుకునేవాళ్ళు పాట్నాని గుర్తు చేసుకోవాలి. 2025 ఏప్రిల్‌లో పుణె నుంచి వెళ్ళి అక్కడ దిగుతున్న విమానం మీద లేజర్ పడింది. ఏ తీవ్రవాదో కొట్టింది కాదు, పెళ్ళి ఊరేగింపులో డీజే బండి మీద బిగించిన లైటు. ఆ మరుసటి నెలే దుబాయ్ నుంచి మూడు వందల మందికి పైగా ప్రయాణికులతో చెన్నైలో దిగుతున్న విమానానికి ఇదే అనుభవం. అంతకుముందు 2024 ఫిబ్రవరిలో బెంగళూరు నుంచి కోల్‌కతా వెళ్ళిన విమానానికీ ఇదే. ప్రతిసారీ పైలట్ నిలదొక్కుకుని సురక్షితంగా దించాడు, ప్రతిసారీ ఫిర్యాదు రాశారు, ప్రతిసారీ పోలీసులు ఆ లైటు ఎక్కణ్ణించి వచ్చిందో వెతికారు. అన్నిచోట్లా పైలట్ తన పని సరిగ్గా చేశాడు కాబట్టే ఇవి రెండు రోజుల వార్తలుగా మిగిలాయి.

లేజర్ అంటే చాలామందికి గోడ మీద కనిపించే చిన్న చుక్కే. చేతిలో చుక్కే, పైకి పోయేకొద్దీ అది విచ్చుకుంటుంది. మామూలు పాయింటర్ కాంతి కిలోమీటరు దూరానికి సుమారు మీటరు వెడల్పవుతుంది, ఐదు కిలోమీటర్లకి ఐదు మీటర్లు. అంటే విమానం ముందద్దాన్ని మొత్తం కప్పేయడానికి సరిపోతుంది. ఆ అద్దానికి ఉండే సన్నటి గీతలకి, దుమ్ముకి తగిలి కాంతి చెదిరిపోయి కాక్‌పిట్ అంతా పచ్చగా వెలిగిపోతుంది. హైవే మీద రాత్రిపూట నర్సీ దాటాక ఎదురు లారీ హైబీమ్ వేసుకుని వస్తే మనకి రోడ్డు కనపడదు చూడండి, పైలట్‌కి అంతకంటే అన్యాయం, ఎందుకంటే అతనికి పక్కకి తీసి ఆపుకునే వీలు లేదు. దిగేటప్పుడు విమానం గంటకి దాదాపు 250 కిలోమీటర్ల వేగంతో వస్తుంది, సెకనుకి డెబ్భై మీటర్లు. మూడు సెకన్లు కళ్ళు బైర్లు కమ్మితే రెండు వందల మీటర్లు గుడ్డిగా వచ్చేసినట్టే. రన్‌వేకి ఐదు కిలోమీటర్ల దూరంలో ఉన్నప్పుడు అది నేలకి 260 మీటర్ల ఎత్తులోనే ఉంటుంది, మన డీజే లైట్లకి అదో ఎత్తు కాదు. ఆ మెరుపు పోయాక కూడా కళ్ళ ముందు మచ్చ తేలుతూనే ఉంటుంది. చీకటికి అలవాటు పడ్డ చూపు ఒకసారి చెదిరితే పూర్తిగా తిరిగి రావడానికి ఇరవై నిమిషాల నుంచి అరగంట పడుతుంది. దిగడానికి అతని చేతిలో మిగిలింది మహా అయితే రెండు మూడు నిమిషాలు.

పచ్చ రంగు మరీ ప్రమాదం. మనిషి కన్ను అన్నింటికంటే తేలిగ్గా పట్టేది ఆ రంగునే, అందుకే ఎర్ర పాయింటర్ కంటే పచ్చది అంత మిరుమిట్లు గొలుపుతుంది, అందుకే పిల్లలూ అదే కావాలంటారు. మాళేగావ్ ఖండోబా జాతర నుంచి ఇంటికొచ్చే పిల్లాడి చేతిలో బుడగ ఉండే రోజులు పోయాయి, ఇప్పుడు పచ్చ లేజర్ ఉంటోంది. దాని మీద "5 మిల్లీవాట్లు" అని స్టిక్కర్ ఉంటే కొనిచ్చిన నాన్నకి ధైర్యం. అమెరికాలో ఎన్‌ఐఎస్‌టి అనే ప్రభుత్వ సంస్థ 2013లో 122 పాయింటర్లని పరీక్షిస్తే పచ్చవాటిలో దాదాపు 90 శాతం, ఎర్రవాటిలో 44 శాతం అక్కడి పరిమితిని మించిపోయాయి. అంత గట్టి తనిఖీలున్న దేశంలోనే స్టిక్కర్ల సంగతి అది, మన జాతర దుకాణంలో స్టిక్కర్‌ని నమ్మేదెట్లా? ఇక డీజే ట్రస్‌కి, అంటే బండి మీది లైట్ల చట్రానికి, బిగించేవి మిల్లీవాట్లలో ఉండవు, వాట్లలో ఉంటాయి. ఐదు వాట్ల లైటంటే ఆ స్టిక్కర్ మీద రాసినదానికి వెయ్యి రెట్లు. దాన్ని బండి మీద పెట్టి, తిప్పుతూ, ఆకాశంలోకి వదులుతున్నాం. నడిపే కుర్రాడికి చూపంతా రిమోట్ మీద, కింద గంతులేసే జనం మీద. పైకి చూసే తీరికెక్కడిది?

ఆకాశం దాకా వద్దు, నేల మీద జరిగింది చూసినా బుద్ధి రావాలి. 2023 నిమజ్జనాల తర్వాత మన మహారాష్ట్రలోనే కంటి డాక్టర్ల దగ్గరికి కుర్రాళ్ళు వరస కట్టారు, రెటీనాలో రక్తం కారి, చూపు మధ్యలో నల్లటి మచ్చతో. ఊరేగింపులో లేజర్‌కి ఎదురుగా నిలబడి చూసినవాళ్ళే. డాక్టర్లు గొంతు చించుకున్నాక 2024లో పుణె పోలీసులు వినాయక ఉత్సవాల్లో లేజర్లు నిషేధిస్తూ ఆర్డర్ ఇచ్చారు. పుణెకి తెలిసిన సంగతి నాందేడ్‌కి తెలియదని ఎవరైనా అంటే మేము నమ్మం.

అవతలివైపు వాదన కూడా చెప్పాలి కాబట్టి చెబుతున్నాం: లేజర్ వల్ల ఇంతవరకు ప్రయాణికుల విమానం కూలిన దాఖలా లేదు, డీజేవాళ్ళు అప్పులు చేసి సామాను కొన్నారు, పండగంటే ఏడాదికోసారి వచ్చే సంబరం. నిజమే, అన్నీ నిజమే. ఎవరి పొట్టా కొట్టమని మేము అనడం లేదు, సౌండ్‌కీ మామూలు రంగు లైట్లకీ కిరాయి ఎలాగూ వస్తుంది. ఇంతవరకు కూలలేదు కాబట్టి ముందు ముందు కూడా కూలదనే ధీమా మాత్రం, ఆ విమానంలో తమ పిల్లలు కూర్చున్న రోజు కూడా చూపించగలరా అని ఆ మాట అనేవాళ్ళనే అడుగుతున్నాం.

చట్టం లేదని తప్పించుకోవడానికి వీల్లేదు. విమానాలని తప్పుదారి పట్టించే, పైలట్ కళ్ళు చెదరగొట్టే లైట్ల గురించి 1937 నాటి విమాన నిబంధనల్లోనే ఉంది. పాత విమాన చట్టం స్థానంలో తెచ్చిన భారతీయ వాయుయాన్ అధినియమ్ 2025 జనవరి 1 నుంచి అమల్లోకి వచ్చింది. ఇతరుల ప్రాణాలకి ముప్పు తెచ్చేలా నిర్లక్ష్యంగా ప్రవర్తిస్తే భారతీయ న్యాయ సంహిత 125వ సెక్షన్ ఉంది, మూడు నెలల దాకా జైలు లేదా 2,500 రూపాయల దాకా జరిమానా లేదా రెండూ. డీజే ఒక రాత్రి కిరాయి ముందు ఆ జరిమానా ఏ మూలకి వస్తుందో పాఠకులే లెక్కేసుకోవచ్చు. అమెరికాలో 2012 నుంచి విమానం మీదికి లేజర్ కొట్టడం ఐదేళ్ళ దాకా జైలుకి పంపే నేరం, బ్రిటన్‌లో 2018 చట్టం ప్రకారం అక్కడా ఐదేళ్ళే. అంత శిక్ష ఉండి కూడా అమెరికాలో 2023 ఒక్క ఏడాదే 13,304 ఫిర్యాదులొచ్చాయంటే, గట్టి శిక్షే లేని చోట పరిస్థితి ఏమిటి?

చేతిలో ఉన్న ఆయుధం ఒకటుంది. భారతీయ నాగరిక్ సురక్షా సంహిత 163వ సెక్షన్, మనందరికీ పాత నంబరు 144గా తెలిసినదే. దాని కింద జిల్లా యంత్రాంగం ఒక్క కాగితం ఇస్తే రెండు నెలలు లేజర్లు ఆపొచ్చు. ధర్నా చేసే రైతుల మీద ఆ కాగితం ఎంత చురుగ్గా వస్తుందో ఈ జిల్లాలో అందరికీ తెలుసు. లేజర్ల దగ్గరికి వచ్చేసరికి దానికి కాళ్ళు రావు. ఒకవేళ కాగితం వచ్చినా అమలు చేయాల్సింది ఎవరు? ఊరేగింపుకి బందోబస్తు ఇచ్చే పోలీసులే. పదో రాత్రి వాళ్ళు డీజే బండికి రెండడుగుల దూరంలో లాఠీలు పట్టుకుని నిలబడతారు, పచ్చ కాంతి వాళ్ళ టోపీల మీదుగానే పైకి పోతుంది. శబ్దానికైతే కొలిచే మీటరుంది, రాత్రి పది దాటితే ఆపాలన్న 2000 నాటి నిబంధన ఉంది, కనీసం మొక్కుబడికైనా ఒక కేసు రాస్తారు. కాంతికి ఆ మొక్కుబడి కూడా లేదు. స్టేజీ మీద ఆమ్దార్, పక్కన పాలక్ మంత్రి (జిల్లా ఇన్‌ఛార్జి మంత్రి) వర్గం మనిషి, వాళ్ళ కళ్ళ ముందు లేజర్ ఆపమని చెప్పే ధైర్యం ఏ ఎస్సైకి ఉంటుంది? మేము ఎస్సైని తిట్టడం లేదు. స్టేజీ మీద ఉన్నవాళ్ళని అడుగుతున్నాం.

ఇదంతా నగరంలో మరాఠీ మండళ్ళ గోల, మనకెందుకు అనుకునే మన తెలుగువాళ్ళకి కూడా ఒక మాట. ధర్మాబాద్, బిలోలి, దెగ్లూర్, కిన్వట్‌లలో మన బరాత్‌లు చూడండి. నిజామాబాద్ నుంచి డీజే రప్పిస్తేనే పెళ్ళి, అందులో లేజర్ లేకపోతే పెళ్ళికొడుకు బావమరుదులు అలుగుతారు. సభ పెట్టినప్పుడల్లా మన తెలుగు సంఘాల పెద్దలు అడిగేది ఏమిటి? హైదరాబాద్‌కి విమానం కావాలి, టైము మార్చాలి, రేటు తగ్గించాలి. ఆ పెద్దలే రాత్రికి బరాత్‌లో లేజర్ కింద నిలబడి వీడియో తీసుకుని స్టేటస్ పెట్టుకుంటారు. విమానాశ్రయం ఎక్కడో నాందేడ్‌లో ఉంది, మా ఊరికేం సంబంధం అనొద్దు, సామాను ఒక్కటే, బండి ఒక్కటే, ఈ రాత్రి బిలోలిలో తిరిగిన ట్రస్ రేపు రాత్రి విమానాశ్రయం పక్క కాలనీలో తిరుగుతుంది. రెండు నాల్కల మాట నాయకులకే చెల్లు అనుకున్నాం, మనమూ బాగానే నేర్చుకున్నాం.

కలెక్టర్, ఎస్పీ గార్లు ఈ వారంలోనే, పండగ బుకింగులు పూర్తయ్యేలోపే, నిషేధం కాగితం ఇవ్వాలి. బుకింగ్ డబ్బు కట్టేశాక ఇస్తే మండల్ వాళ్ళు "ఈ ఒక్కసారికి" అంటారు, ఆ ఒక్కసారి ఎప్పటికీ అయిపోదు. ఊరేగింపు పర్మిషన్ కాగితంలోనే లేజర్ ఉండదని మండల్ అధ్యక్షుడి సంతకం తీసుకోవాలి. సంతకం తప్పితే కుర్రాడి మీద కాదు, ఆ అధ్యక్షుడి మీద, డీజే యజమాని మీద కేసు రాయాలి, లైటు సీజ్ చేయాలి. ప్రభుత్వ ఆదేశాన్ని ధిక్కరించి ప్రాణాలకి ముప్పు తెస్తే న్యాయ సంహిత 223వ సెక్షన్ కింద ఏడాది దాకా జైలుంది, ఒక్కసారి వాడి చూపించండి. ఈ నిబంధన వినాయక ఊరేగింపుకైనా, ఉరుసుకైనా, జయంతులకైనా, మన బరాత్‌కైనా, ఎన్నికల విజయోత్సవానికైనా ఒకేలా ఉండాలి. చివరిదాన్ని మరిచిపోతారేమోనని ప్రత్యేకంగా రాస్తున్నాం.

ఫ్లెక్సీ మీద దండం పెడుతున్న పెద్దమనుషులకి ఇక సూటిగానే చెబుతున్నాం. ముందు మీ ఫోటో కింద ఉన్న ఆ లేజర్ షో మాట చెరిపించండి, రేపటికల్లా. మీ చందా డబ్బుతో ఆ లైటు రాదని మండల్‌కి ఫోన్ చేసి చెప్పండి, అందుకు ఏ కొత్త చట్టం, ఏ కోర్టు ఆర్డర్ అక్కర్లేదు, మీ నోరు చాలు. అది కూడా చేయలేకపోతే విమానం గురించి మళ్ళీ మా ఆఫీసుకి ప్రెస్ నోట్ పంపకండి. మేము వేయం.