పెన్నమ్మ వాంగ్మూలం ఎవరు తీసుకోవాలి?

నవలలు ఎవరైనా చదువుతారు. పాఠకుడి నిష్ఠ బయటపడేది చిన్న కథల దగ్గరే. బెన్ ఆరోనోవిచ్ రాసిన ‘రివర్స్ ఆఫ్ లండన్’ వరుస విషయంలో ఆ నిష్ఠను నెల్లూరు మూలాపేటలో ఒంటిచేత్తో నిలబెడుతున్నవాణ్ని నేనే.

తెలియనివారి కోసం (తెలియకపోవడం ఇంకా నేరం కాలేదు): 2011లో మొదలైన ఈ వరుసలో పీటర్ గ్రాంట్ అనే లండన్ కానిస్టేబుల్ ఒక హత్య గురించి దయ్యం దగ్గర సాక్ష్యం తీసుకుంటాడు. ఆ పుణ్యాన పోలీసు శాఖలోనే మంత్రవిద్యకు కుదురుకుంటాడు. అతని పై అధికారి 1900లో పుట్టాడు, పదవీ విరమణ మాటే లేదు. అక్కడి నదులకు దేవతలున్నారు. థేమ్స్ తల్లి ఒకప్పుడు నర్సు చదువు కోసం నైజీరియా నుంచి వచ్చిన మనిషి. కూతుళ్లలో టైబర్న్, ఫ్లీట్ ఇప్పుడు రోడ్ల కింద మురుగు గొట్టాల్లో పారుతున్నారు. దర్జాకు మాత్రం లోటు లేదు.

నవలల్లో ఊరికి ముప్పు వస్తుంది, కానిస్టేబుల్ కాపాడతాడు. కథల్లో ఊరు తన పని తాను చేసుకుంటూ ఉంటుంది. 2020లో వచ్చిన ‘టేల్స్ ఫ్రమ్ ది ఫాలీ’ సంపుటంలో ఒక కథ పుస్తకాల దుకాణంలో జరుగుతుంది. రచయిత ఒకప్పుడు కొలువు చేసిన దుకాణమే. బ్రిటిష్ లైబ్రరీ కథ ఒకటి 2017లో వినడానికి మాత్రమే వచ్చింది. దాన్ని వింటూ నేను ఆత్మకూరు బస్టాండులో రెండు బస్సులు వదిలేశాను. సంపుటం రెండో సగంలోనైతే పీటర్ పక్కకు తప్పుకుంటాడు, కథ చెప్పేది ఇతరులు. చేపల పులుసు వండిన పూటే తినేవాడికి ఆకలి ఉన్నట్టు, మర్నాడు తినేవాడికి రుచి తెలిసినట్టు. ఈ కథలు మర్నాటి పులుసు. చట్టి అడుగున పులుపంతా పీల్చుకుని కూర్చున్న మామిడికాయ ముక్క కోసం చెయ్యి పెట్టడం కక్కుర్తి అని మా ఆవిడ అంటుంది. ఆమె నవలల పాఠకురాలు.

“ఆ కథ ఎన్ని పేజీలు?” అని అడిగింది ఒకరోజు.

“ఇరవై ఉంటాయేమో.”

“మీరు నిన్న రాత్రి పదింటి నుంచి చెబుతున్నారు.”

ఇక పాలనాపరమైన సమస్యకు వస్తాను. థేమ్స్‌కు ఒక శాఖ ఉంది, పెన్నకు ఏది? నంది కొండల్లో పుట్టి, అనంతపురం, కడప దాటి, సోమశిల గేట్ల దగ్గర అనుమతి తీసుకుని, సంగం మీదుగా మన ఊరు చేరే అమ్మ ఏ స్టేషన్ పరిధిలోకి వస్తుంది? 2021 నవంబరులో పడుగుపాడు దగ్గర రైలు పట్టాల కింది నేలను పట్టుకుపోయింది. ఆమె వాంగ్మూలం ఎవరైనా తీసుకున్నారా? బకింగ్‌హాం కాలువ సంగతి ఇంకా చిక్కు. తెల్లదొరలు తవ్వించినది కనుక దానికి దేవత ఉంటుందా, గుమస్తా ఉంటాడా? ఉప్పునీటి గుమస్తా అని నా అభిప్రాయం. గుండ్లకమ్మ జోలికి నేను వెళ్లను, ఒంగోలువారు చూసుకుంటారు.

దీనిమీద నాలుగు పేజీల అర్జీ రాసి ఒక కార్యాలయంలో ఇచ్చాను. అక్కడి ఉద్యోగి శ్రద్ధగా చదివి, “ఇసుక గురించా?” అన్నారు.

మిగిలింది మా నెల్లూరు రొట్టెల పండుగ. స్వర్ణాల చెరువులో దిగి, కోరిక తీరినవారి చేతి రొట్టె అందుకుని తింటే మన కోరికా తీరుతుందంటారు. తీరితే మరుసటి ఏడాది మనమూ రొట్టె తేవాలి. పెళ్లి రొట్టె, ఉద్యోగ రొట్టె, విదేశీ రొట్టె, సంతానం రొట్టె అన్నీ ఉన్నాయి. రెండో కథల సంపుటం రొట్టె కోసం మోకాలి లోతు నీళ్లలో గంటసేపు కేకలు వేశాను. ఆ కోరిక ఇంతవరకు ఎవరికీ తీరినట్టు లేదు. పుస్తకం కనుక దగ్గరి దారి విద్యా రొట్టె అనుకుని ఒక పెద్దావిడ ముందు చెయ్యి చాచాను.

“పిల్లవాడు పదో తరగతా, ఇంటరా?” అంది.

“నాకేనమ్మా. లండన్‌లో ఒక కానిస్టేబుల్ ఉన్నాడు...”

ఆవిడ రొట్టెను మళ్లీ గుడ్డలో చుట్టేసింది. “పోలీసు ఉద్యోగమైతే అటు పక్కకు వెళ్లు నాయనా” అని, నా తల వైపు ఒకసారి చూసి, “వయసు దాటలేదు కదా?” అంది.