స్మార్ట్ నానోకణం గారికి, కేరాఫ్ కాలేయం

మహారాజశ్రీ స్మార్ట్ నానోకణం గారికి,

క్యాన్సర్ మందు మోసే అతిచిన్న కణమైన తమరు నేరుగా కణితి దగ్గరికే వెళ్తారని, దారిలో ఎవరి జోలికీ పోరని ప్రతి సెమినార్‌లోనూ చెబుతారు. 2016లో టొరంటో విశ్వవిద్యాలయం వాళ్లు పదేళ్ల పరిశోధన పత్రాలను జల్లెడపడితే, ఎక్కించిన మోతాదులో కణితికి చేరింది 0.7 శాతం అని తేలింది. అది మధ్యస్థ విలువ, అదీ ఎక్కువగా ఎలుకల్లో. లెక్కకట్టిన పద్ధతి మీద తగాదా ఉందనుకోండి. అది తీరినా మీ పరువు నిలిచేట్టు లేదు.

మిగతా సరుకు ఏమైంది? ఇల్లరికం వెళ్లినట్టు కాలేయంలో స్థిరపడ్డారు. రక్తంలో దిగిన నిమిషాల్లోనే ప్రోటీన్లు మీ ఒంటికి అంటుకుంటాయి. కణితిని గుర్తుపట్టడానికని ల్యాబ్‌లో కష్టపడి అతికించిన యాంటీబాడీ ఆ పూత కింద పడిపోతుంది. కాలేయంలో కాపలా కాసే కుప్ఫర్ కణాలు మాత్రం మిమ్మల్ని ఇట్టే గుర్తుపడతాయి. పోనీ 6 నానోమీటర్ల లోపుకు కుదించుకుంటారా, మూత్రపిండాలు బయటికి పంపేస్తాయి.

కణితి రక్తనాళాలకు చిల్లులుంటాయి, అందులోంచి దూరిపోతామని 1986 నుంచీ ధీమా. వారాల్లో పెరిగే ఎలుక కణితికి అది చెల్లింది. మనుషుల్లో ఒక్కో కణితిది ఒక్కో తీరు. వేడి తగిలితే మందు వదిలే మీ తమ్ముడు థర్మోడాక్స్ సంగతీ చూశాం. రేడియో తరంగాలతో కణితిని కాల్చి మరీ వేడి అందించినా, 2013లో కాలేయ క్యాన్సర్ ట్రయల్‌లో తప్పాడు. అత్తారింట్లోనే!

మీ పెద్దన్న డాక్సిల్‌ను చూడండి. 1995లో అమెరికాలో అనుమతి వచ్చింది. యాంటీబాడీ లేదు, సెన్సర్ లేదు. దాదాపు 100 నానోమీటర్ల కొవ్వు సంచి, లోపల అమ్మోనియం సల్ఫేట్. అమ్మోనియా బయటికి కారిపోయే కొద్దీ లోపల ఆమ్లం మిగులుతుంది. డాక్సోరుబిసిన్ అనే క్యాన్సర్ మందు దూరి, విద్యుదావేశం పొంది, స్ఫటికమై ఇరుక్కుపోతుంది. అంతే, ఇంకే మాయా లేదు.

ఆయనకూ చాదస్తాలున్నాయి. 5 శాతం డెక్స్ట్రోజ్‌లోనే కలపాలి, సెలైన్ పనికిరాదు. 90 మిల్లీగ్రాముల దాకా 250 మిల్లీలీటర్లు. లైన్‌లో ఫిల్టర్ పెట్టకూడదు. మొదట నిమిషానికి 1 మిల్లీగ్రామే. తొందరపడితే మొహం ఎర్రబడి, నడుం నొప్పి, ఆయాసం. రోజుల తరబడి రక్తంలో తిరుగుతాడు గనక అరచేతులు, అరికాళ్లు ఎర్రబడి తోలు ఊడుతుంది. అయితేనేం, గుండె నాళాల్లోంచి అంత సులువుగా దూరడు. మామూలు డాక్సోరుబిసిన్ అన్ని మోతాదులూ కలిపి ఒంటి ఉపరితలం చదరపు మీటరుకు 550 మిల్లీగ్రాములు దాటితే గుండెకెంత ముప్పో తెలిసినవాళ్లకు ఆ ఒక్క గుణం చాలు.

అసలు తెలివంటే 2018లో అనుమతి పొందిన ఆన్‌పాట్రో అనే నానోకణపు మందుది. ఎలాగూ కాలేయానికే పోతాం గదా అని అక్కడ తయారయ్యే ప్రోటీన్ వల్ల వచ్చే జబ్బునే పట్టుకుంది. ఒంటికంటిన అపోఇ ప్రోటీనే దాన్ని చెయ్యిపట్టి కాలేయ కణంలోకి తీసుకెళ్తుంది.

కాబట్టి వచ్చే పేపర్లో కణితి మెరిసే ఫొటో ఒక్కటి అచ్చేసి ఊరుకోకండి. కాలేయం, ప్లీహం, ఊపిరితిత్తులు, మూత్రం, మలం, రక్తం, అన్నిటి శాతాలూ ఇవ్వండి. కూడితే నూటికి దగ్గరగా రావాలి.

ఇట్లు,
డ్రిప్ స్టాండ్ దగ్గర నిలబడేవాళ్లు