సీలు పోతే పంపు మొత్తం మార్చాలా?

ఒళ్ళు మండిపోతోంది, అందుకే రాస్తున్నా. మా పాత ఫోర్ వీల్ డ్రైవ్ జీపుకి స్టీరింగ్ ఆయిల్ కారుతోందని ఇవాళ సర్వీస్ సెంటర్‌కి తీసుకెళ్తే, కుర్రాడు బానెట్ ఎత్తి, టార్చి అటూ ఇటూ తిప్పి, "పవర్ స్టీరింగ్ పంపు పోయింది సార్, మొత్తం మార్చాలి" అనేశాడు. స్టీరింగ్ తేలిగ్గా తిరగడానికి ఆయిల్‌ని ఒత్తిడితో నెట్టే పంపు అది. ఎక్కడ కారుతోంది బాబూ అంటే "పంపు దగ్గరే సార్" అంటాడు! పుల్లీ (బెల్టు తిప్పే చక్రం) వెనకాల షాఫ్ట్ సీలా (ఇరుసు చుట్టూ ఆయిల్ కారకుండా ఆపే రబ్బరు రింగు), రిటర్న్ పైపు క్లిప్పా, ప్రెషర్ పైపు జాయింట్‌లో ఓ-రింగా (అదీ ఓ రబ్బరు రింగే)? ఒక్కటంటే ఒక్కటి చూడలేదు.

చూడ్డానికి ఎంతసేపు పడుతుందండీ? ముందు జిడ్డంతా శుభ్రంగా కడగాలి. ఇంజిన్ స్టార్ట్ చేసి ఒకరు స్టీరింగ్ తిప్పుతుంటే, ఇంకొకరు టార్చి వేసి ఎక్కడ ముందు తడి కనిపిస్తుందో చూడాలి. ఆయిల్ పైనెక్కడో కారి, పాకుతూ వచ్చి కింద బొట్టు కడుతుంది. బొట్టు చూసి పంపు మార్చమంటే ఎలా?

అక్కణ్ణుంచి నేరుగా మా మేస్త్రీ షెడ్డుకి వెళ్ళా. ఆయన పుల్లీని సుత్తితో బాదలేదు, పుల్లర్ పెట్టి లాగాడు. బాదితే షాఫ్ట్, బేరింగ్ దెబ్బతింటాయి. లోపల సీలు అంచు ఎండిపోయి ఉంది, గోటితో వంచితే పుటుక్కున విరిగింది. షాఫ్ట్ మీద వేలు పెట్టి రాసి చూపించాడు, గాడి పడలేదు. గాడి పడితే పంపు మార్చాల్సిందే, నేనూ ఒప్పుకుంటా. ఇక్కడ పోయింది సీలు! పంపు రేటు ముందు దాని ఖరీదు చిల్లర డబ్బులు. కొత్త సీలు కొట్టి, ఎర్ర ఆయిల్ పోసి, ముందు చక్రాలు జాకీ మీద లేపి, ఇంజిన్ ఆపే స్టీరింగ్ ఆ చివరి నుంచి ఈ చివరికి తిప్పుతూ ఆయిల్లో చిక్కుకున్న గాలి తీశాడు. ఓపిక అంటే అదీ.

ఇంకో షెడ్డులో మా ఫ్రెండ్ బండికి పవర్ స్టీరింగ్ ఆయిల్ ట్యాంకులో బ్రేక్ ఆయిల్ పోశారు. ఉన్న సీళ్ళు కూడా ఉబ్బి పాడయ్యాయి. అడిగేవాడు లేడు!

అసలు మంట ఇది కాదు. ఆ కుర్రాడు చివర్లో, "15 ఏళ్ళు దాటిన బండికి ఖర్చెందుకు సార్, ఎక్స్చేంజ్‌లో ఇచ్చేయండి" అన్నాడు. ప్రతి పెళ్ళిలో మా బావ అనేదీ ఇదే. 2022 ఏప్రిల్ నుంచి పాత కారు రిజిస్ట్రేషన్ రెన్యువల్ ఫీజు 600 నుంచి 5000 చేశారు. కట్టాను. ఫిట్‌నెస్ చూపించాను. పాడేరు ఘాట్‌లో వానాకాలం బురదలో ఎన్నోసార్లు మా ఇంటిల్లిపాదినీ క్షేమంగా దించిన బండి ఇది. సీలు ఎండిందని దాన్ని తుక్కు కింద ఇచ్చేయాలా?

బావా, ఈ పోస్టు నువ్వు చదువుతావని తెలుసు. బండి అమ్మను. ఇంకోసారి అడగొద్దు.